వార్ఫరిన్ మందు – ఆకుకూరలు

గుండె పైగదులు లయ తప్పి అదరునప్పుడు వానియందు రక్తము నిలిచి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు చేరినచో పక్షవాతము కలుగును. దీని నివారణకు 1954 నుండి మనుష్యులకు వాడుచున్న మందు వార్ఫరిన్. క్రొత్త మందులు వచ్చినను, కీళ్లవాతజ్వరముచే మైట్రల్ కవాటము బాగుగా ఇరుకైనవారికి నేటికిని ఇదియే ముఖ్యాధారము.

ఈ మందు విటమిన్ ‘కె’ పనిని అడ్డగించును. తోటకూర, మునగాకులలో ఆ విటమిన్ మెండు. కనుక ఆకుకూరలు మానవలెనని కొందరు తలచుచున్నారు. మేము చెప్పదలచినది వేరు: ఒక వారము మాని, మరువారము మెండుగా తినుటయే ముప్పు, ఎప్పుడును ఒకే పాటిగా తినవలెను. ఐ.ఎన్.ఆర్. పరీక్షయందు సంఖ్య సాధారణముగా 2, 3 నడుమ నుండవలెను. తగ్గినచో గడ్డ భయము. పెరిగినచో రక్తస్రావ భయము. నొప్పుల బిళ్ళలను వైద్యునడుగక మ్రింగరాదు. నెమ్మదిగా నున్నదని మందు మానరాదు. ఏమియు జరుగకుండుటయే దాని ఫలము.