లండన్‌లో రామచిలుకకు చలెయ్యదా?

మన జామచెట్టు మీద వాలే ఎర్రముక్కు రామచిలుక మంచు కురిసే లండన్‌లో ఏం చేస్తోంది? ఊరి శివారు ఇళ్ల తోటల్లో గుంపులుగా తిరుగుతూ గోల చేస్తోంది!

అంత దూరం ఎగిరి వెళ్లిందా? లేదు. పెంచుకోవడానికి పంజరాల్లో తీసుకెళ్లినవాటిలో కొన్ని తప్పించుకున్నాయి, కొన్నింటిని పెంచుకున్నవాళ్లే వదిలేశారు. 1970ల నుంచి అవి అక్కడే పిల్లల్ని పెట్టి పెరుగుతున్నాయి.

మరి చలో? ఈ చిలుకలు హిమాలయాల దిగువ కొండల్లోనూ ఉంటాయి. ఈకలు ఉబ్బిస్తే మధ్యలో గాలి చిక్కుకుని, దుప్పటిలా ఒంటి వేడిని ఆపుతుంది. తిండికీ లోటు లేదు. అక్కడివాళ్లు చిన్నపిట్టల కోసం తోటల్లో గింజలు, పల్లీలు వేలాడదీస్తారు.

చిక్కంతా అక్కడే. చిలుక ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో పల్లీ పట్టుకుని తీరిగ్గా కొరుకుతుంటే, చిన్నపిట్టలు జంకి దగ్గరికి రావు. పైగా పూమొగ్గలు తుంచేస్తుంది, పండ్లు సగం కొరికి పారేస్తుంది. చలి పూర్తిగా తగ్గకముందే చెట్టు తొర్రల్లో చేరిపోతుంది. ఆలస్యంగా గూడు వెతుక్కునే పిట్టలకు చోటు దొరక్కపోవచ్చు.

అయినా తప్పు చిలుకదా, పంజరంలో తీసుకెళ్లిన మనిషిదా? మీరే చెప్పండి!