మచ్చలాకుల తీగ

గోడలకల్లుకొను ‘ఐవీ’ తీగను చిత్రములలో జూచి, అట్టి తెల్లమచ్చల తీగను మన పెరటిలో బెంచగోరువారు పెక్కుమంది కలరు. ఐరోపాఖండపు చలువకు అలవడిన యా తీగ, మునేటియొడ్డున నున్న మా కీసరలో రోహిణీకార్తె యెండలకు నిలువజాలదు. మనకు దగినది మనీప్లాంటు. దీని జన్మస్థానము పసిఫిక్ మహాసముద్రమునందలి మోరేయా దీవి. శాస్త్రజ్ఞులు దీనిని 1880వ సంవత్సరమున మొదట వర్ణించి పేరిడిరి.

ఆకునందలి పచ్చని భాగమే వెలుతురు సాయమున నాహారమును సిద్ధపరచును. పసుపుమచ్చలయం దా శక్తి తక్కువ. కావుననే చీకటిగదిలో నుంచిన తీగకు క్రొత్తయాకులు మచ్చలు తగ్గి వచ్చును. మిట్టమధ్యాహ్నపు టెండలోనో, ఆకులు మాడును. తూర్పువసారా దీనికి దగినచోటు. మచ్చలేని కొమ్మ త్వరగా బెరిగి తక్కినవానిని మించును గాన, దానిని మొదటనే త్రుంచవలయును. మచ్చలుగల కొమ్మను కణుపుతో గోసి నీటిసీసాలో నుంచిన వేళ్లు పుట్టును. ఆ నీటిని వారమున కొకమారైన మార్చనిచో దోమలు పెరుగును.

ఈ యాకులలో సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు గలవు. పసిబిడ్డలు నమలినచో నోరు మండి వాచును. అందుచే మేము దీనిని చూరునుండి వ్రేలాడదీసితిమి. కోసిన తీగలను పశువుల గాడిలో వేయము. బిడ్డ యెప్పుడైన నమలినచో నోటిని నీటితో గడిగి, వాపు గాని మ్రింగుటకు గష్టము గాని కానవచ్చిన వెంటనే వైద్యునికి జూపవలయును.