నెమ్మదిగా నడిచేవాళ్లే ముందెందుకు?

పాడేరు దగ్గరి వంజంగి కొండ తెలుసుగా? శీతకాలం రాత్రుళ్లు చల్లబడి బరువెక్కిన గాలి లోయల్లోకి జారుతుంది. అందులోని తేమ పొగమంచుగా మారుతుంది. తెల్లవారుజామున పైనుంచి చూస్తే పాలసముద్రమే! అది చూడాలని ముందురోజే వెళ్లి, అనుమతి ఉన్నచోట గుడారం వేసుకుని పడుకునేవాళ్లుంటారు.

అలా కొండెక్కే గుంపులో కొత్తవాళ్లుంటే, అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను ముందుంచాలి. ఎందుకు? చురుకైనవాళ్లు ముందుంటే గబగబా ఎక్కేసి, ఓ బండ మీద కూర్చుని ఎదురుచూస్తారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చేసరికి వీళ్లు 'పదండి' అంటూ లేస్తారు. అలసినవాళ్లకే విశ్రాంతి ఉండదు, ఎంత అన్యాయం! కబుర్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరిపోయినట్టే.

మరి చలి? కిలోమీటరు ఎత్తుకు వెళ్తే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. దానికి చెమట తోడు. తడిసిన నూలు బనీను ఓ పట్టాన ఆరదు. ఆ తడి ఆవిరి కావడానికి కావలసిన వేడిని మన ఒంట్లోంచే లాక్కుంటుంది. అందుకే పైకి చేరగానే, వణుకు మొదలవకముందే, పొడిబట్టలు వేసుకోవాలి.

రాత్రి పడుకునేటప్పుడు రెండు దుప్పట్లుంటే ఒకటి కింద పరవండి. నేల కూడా వేడిని లాగేస్తుంది. దుప్పటి పోగుల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనాన్ని పోనివ్వకుండా ఆపుతుంది. కానీ మన బరువుకు కిందిది నలిగి, ఆ గాలి పోతుంది. కాబట్టి దాని కింద నురుగు చాప ఉంటే మరీ మంచిది.

టార్చిలైటు విడిగా తీసుకెళ్లండి. దారి చూడటానికీ, ఇంటికి కబురు చెప్పడానికీ ఒకే సెల్‌ఫోన్ బ్యాటరీని నమ్ముకోకూడదు.