చిలుం పొగ, దైవచింతన

మన కథల్లో ఆలోచనాపరుడైన పాత్ర చేతికి పైపు ఇవ్వడం ఒక అలవాటుగా స్థిరపడింది. ప్రొఫెసరు గానీ, పదవీ విరమణ చేసిన జడ్జీ గానీ, దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్న వచ్చేసరికి పైపు వెలిగిస్తాడు. పొగ పైకి లేస్తుంది, తత్వం కిందికి దిగుతుంది. అదే కథలో చుట్ట తాగే పాలేరు మాత్రం దగ్గుతాడు. ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చింది? పొగకీ దైవచింతనకీ నిజంగా ఉన్న సంబంధం ఏమిటి? నెల్లూరు తీరాన పెరిగి, సాహిత్య పాఠాలు చెప్పినవాణ్ణి గనక ఈ ప్రశ్నని ఈ నేల మీద నిలబడే పరిశీలిస్తాను.

పొగాకు అమెరికా మొక్క. అక్కడి ఆదివాసుల్లో అనేక తెగలకు పైపు పవిత్ర వస్తువు. లకోటా తెగవారి దృష్టిలో పొగ ప్రార్థనని పైకి మోసుకుపోతుంది. ఐరోపా వర్తకులు మొక్కని తీసుకుని ఆ అర్థాన్ని అక్కడే వదిలేశారు. అయినా పొగాకు వెళ్లినచోట మతం దాన్ని పట్టించుకోక తప్పలేదు. 1642లో పోప్ ఎనిమిదో అర్బన్ సెవిల్ చర్చిల్లో పొగాకు వాడేవాళ్లను వెలివేస్తానన్నాడు. ఆ తర్వాతి శతాబ్దంలో స్కాట్లండు మతాచార్యుడు రాల్ఫ్ ఎర్‌స్కిన్ పైపునే ధర్మోపన్యాసంగా మార్చి గేయం కట్టాడు. అందులో పెళుసైన పైపు మనిషి దేహం, లోపల పేరుకున్న మసి పాపం, చివరికి రాలే బూడిద మృత్యువు. 1874లో లండన్ బాప్టిస్టు బోధకుడు స్పర్జన్ తాను చుట్ట తాగేది దేవుని మహిమ కోసమేనని వేదిక మీదనే ప్రకటించాడు. నిషేధించినవాడూ మతాచార్యుడే, సమర్థించినవాడూ మతాచార్యుడే. అలవాటు ముందు వచ్చింది, దానికి శాస్త్రం తర్వాత పుట్టింది.

ఈ సంగతిని తెలుగులో అందరికంటే బాగా పట్టుకున్నవాడు గురజాడ. 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్ట కాల్చడానికి పురాణ ప్రమాణం చూపిస్తాడు. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒక చుక్క భూమ్మీద పడి పొగచెట్టయిందనీ, తాగనివాడు దున్నపోతై పుడతాడనీ వెంకటేశానికి పద్యం వినిపిస్తాడు. తెల్లవాళ్లు ఆవిరియంత్రం కనిపెట్టింది కూడా చుట్ట మహిమే అంటాడు. సముద్రాలు దాటి వచ్చిన మొక్కకి స్వర్గంలో పుట్టుక కల్పించడం ఇక్కడ హాస్యం. కానీ దెబ్బ చుట్ట మీద కాదు, ఏ అలవాటుకైనా శ్లోకం వెదికిపెట్టే పాండిత్యం మీద. ఆ దృశ్యాన్ని వినోదం కోసమే చదివే విద్యార్థి గురజాడలో సగాన్ని పోగొట్టుకుంటాడు.

అయితే ఎగతాళితో సమస్య తీరదు. పైపు పట్టినవాడికి ఆలోచన సాగుతుందన్న అనుభవం పూర్తిగా కల్పన కాదు. దానికి భౌతిక కారణాలున్నాయి. నికొటిన్ మెదడుని కాసేపు చురుకు చేస్తుంది. అలవాటు పడ్డవాడిలో ఆ మందు తగ్గినప్పుడు పుట్టే చిరాకుని అదే మందు అణిచేస్తుంది. అంతకంటే ముఖ్యమైనది పైపు చేయించే పని. ఆకు కూరాలి, నొక్కాలి, వెలిగించాలి, ఆరితే మళ్లీ వెలిగించాలి. ఈ పని మాటకీ మాటకీ మధ్య ఖాళీ కల్పిస్తుంది. ఆ ఖాళీలో మనిషి ఆలోచిస్తాడు. కళ్లముందే నిప్పు బూడిదవుతుంది గనక ఆ ఆలోచన అనిత్యం వైపు తిరగడంలో వింత లేదు. ఆలోచనకి కావలసింది తీరిక. పైపు ఆ తీరికకి గుర్తు. గుర్తునే కారణంగా భ్రమించడం భావవాదం చేసే పాత పొరపాటు.

మా జిల్లా నుంచే మరో ఉదాహరణ. కోట దగ్గరి విద్యానగర్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన ఎక్కిరాల భరద్వాజ (1938–1989) 'శ్రీ సాయి లీలామృతం' ద్వారా షిర్డీ సాయిబాబా కథని తెలుగు ఇళ్లలోకి తెచ్చాడు. 1918లో మరణించిన ఆ ఫకీరు చేతిలో ఎప్పుడూ మట్టి చిలుం ఉండేదని మరాఠీ 'సాయి సచ్చరిత్ర' చెబుతుంది. తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ వచ్చిన చాంద్ పాటిల్‌కి బాబా చెట్టుకింద మొదట ఇచ్చింది ఉపదేశం కాదు, చిలుం. ధునిలో బూడిదే ఊదీ అయింది. మా గొలగమూడిలో 1982లో కన్నుమూసిన వెంకయ్యస్వామి దగ్గరా ధుని వెలిగింది.

భక్తులు ఇందులో మహిమ చూశారు. నేను చూసేది వేరు. ఆ చిలుం ఒక నోటి నుంచి ఇంకో నోటికి మారింది. ఉత్తరభారత గ్రామాల్లో కులం నుంచి వెలివేయడాన్ని 'హుక్కా పానీ బంద్' అంటారు. అంటే ఎవరితో పొగ పంచుకుంటావన్నదే నీ కులమేదో తేల్చే సమాజం అది. మా పల్లెల్లో చుట్టకి నిప్పడిగిన మాల మాదిగలకు కొరివిని దూరంగా పడేసేవారని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. అలాంటిచోట ఎంగిలి చిలుం చేయి మారడం ఏ వేదాంత చర్చ కంటే పదునైన వేదాంతం. తర్వాతి భక్తి సాహిత్యం బూడిదని పెద్దది చేసి, ఎంగిలిని చిన్నది చేసింది. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న అక్కడుంది.

పొగకి ఇంకో చివర ఉంది. కందుకూరు, కలిగిరి, డి.సి.పల్లి ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు పండుతుంది. తడి ఆకు విరిచే కూలీలకు నికొటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి తలతిరుగుడు, వాంతులు వస్తాయి. బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసేవాడూ నిప్పు ముందే కూర్చుంటాడు. అతనికి అనిత్యం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టపుపాళేల్లో వల బాగుచేస్తూ చుట్ట తాగే ముసలమ్మకీ దేవుడి మీద ఒక అభిప్రాయం ఉంది. సముద్రానికి పోయి తిరిగిరాని మగవాళ్లను లెక్కపెట్టుకుంటూ ఏర్పరచుకున్న అభిప్రాయం అది. ఉత్తరకోస్తాలో నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు వైద్య గ్రంథాల్లోకి ఎక్కారు, అంగిలి క్యాన్సర్ రోగులుగా. ఆలోచించే మనుషులుగా మన సాహిత్యంలోకి మాత్రం దాదాపు రాలేదు.

కనుక పొగని కథలోంచి తీసేయమని నేననడం లేదు. పొగ ఒళ్లు కాలుస్తుందన్న సంగతినీ దాచమనడం లేదు. పాత్ర చేతికి పైపు ఇచ్చే ముందు ఆ ఆకు ఎవరు విరిచారో, ఆ తీరిక ఎవరి శ్రమ మీద దొరికిందో రచయితకి తెలిసి ఉండాలి. చుట్ట తాగే పాలేరుకి దగ్గుతో పాటు ఒక ప్రశ్న కూడా ఇవ్వాలి. అతను అడిగే ప్రశ్న ప్రొఫెసరు ప్రశ్న కంటే దేవుణ్ణి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.