మీకు తెలుసా? గాజుపెట్టెలో కుంటాల

మూత బిగించిన గాజుపెట్టెలో మొక్క వారాల తరబడి నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. ఆకులు వదిలిన ఆవిరి అద్దానికి చెమటలా పట్టి, బొట్లుబొట్లుగా మళ్లీ మట్టిలోకే జారుతుంది. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్, మూసిన సీసాలో ఫెర్న్ మొలవడం చూసి పట్టుకున్న సూత్రం ఇదే. మరి ఆదిలాబాద్ ఎండలకు ఉడికిపోదా? నేరుగా ఎండ తగిలితే ఉడుకుతుంది, సందేహం లేదు. కానీ వేసవిలో కరీంనగర్ కుండీల్లోని ఫెర్న్‌ను మాడ్చేది వేడి ఒక్కటే కాదు, వడగాలిలోని పొడితనం కూడా. నీడపట్టున, వెలుతురున్న కిటికీకి కాస్త ఎడంగా పెడితే ఆ పొడితనాన్ని గాజు ఆపుతుంది.

అసలు చిక్కు పెట్టె లోపల నిలబెట్టే వెనుక గోడతో. కడెం వాగు మీది కుంటాల జలపాతం దగ్గరి తడి బండల్లాంటి గోడ చేయాలంటే, పొణికి కర్ర బొమ్మలకు నిర్మల్ కళాకారులు వాడే చింతగింజల జిగురు, రంపపు పొట్టు ముద్దే ముందు గుర్తొస్తుంది. పొడి బొమ్మకు అది భేషైనది. తేమ వదలని పెట్టెలో మాత్రం బూజుకు విందు. సిమెంటూ చిక్కే, దాని సున్నపు గుణం నాచుకు పడదు. చెక్కిన థర్మోకోల్‌పై సిలికాన్ పూసి, అది ఆరకముందే కొబ్బరిపొట్టు అద్దడం మేలు. నాచు కోసం కవ్వాల్ అభయారణ్యం దాకా పోనక్కర్లేదు, అక్కడ తీయడం నేరం కూడా. వానాకాలం పెరటి గోడ చాలు.