గుత్తి కోట ఎక్కాలంటే నీళ్ల సీసా ముందు

అనంతపురంలో పచ్చిక బయళ్లెక్కడివని నవ్వేవాళ్లను నేను అక్టోబరులో గుత్తి కోటకు పిల్చుకుపోతా. వేసవిలో ఉత్త గుండ్ల గుట్టే. సెప్టెంబరు వానలు సరిగ్గా పడితే మాత్రం బురుజుల మధ్యంతా మోకాలెత్తు కసువు లేస్తుంది. ఆ సొగసు సంక్రాంతి దాకా కూడా ఉండదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప మాకు. నైరుతి మేఘాల నీళ్లు పడమటి కనుమలే పిండుకుంటాయి, ఈశాన్యం కోస్తా దాటి వచ్చేసరికి మిగిలేది అంతంతమాత్రం.

మబ్బుతోనే బయల్దేరాలి. ఊరి మట్టం నుంచి ఎత్తు సుమారు 300 మీటర్లే గానీ, ఎండెక్కితే గుండ్లు కాలతాయి. నీడంటూ దొరికేది కోట వాకిళ్లలోనే. కసువు గింజలు ప్యాంటుకు గుచ్చుకుని సాక్సు దాకా దిగుతాయి. కింద గొర్లు మేపుకునే పెద్దాయన ఒకసారి మా సంచీల వైపు చూసి, "మీద తాగే నీళ్లుండవు స్వామీ, నింపుకోనే పోండి" అన్నాడు.

కోట పడిపోయిందీ ఆ నీళ్ల దగ్గరే. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు మురారిరావు ఘోర్పడే సేనకు గోడలు నిలిచాయి, నీళ్లు నిలవలేదు. లొంగిపోయిన మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగానే చనిపోయాడు. అంతమాత్రాన కట్టినవాళ్లకు ముందుచూపు లేదనలేం. గుండ్ల సందుల్లో వాననీరు పట్టే తొట్లు, బావులు మీద చాలానే ఉన్నాయి. వాటి అంచున నిలబడి లోపలికి తొంగిచూస్తే పాచిపట్టిన నీళ్లు, వాటిమీద మనవాళ్లు విసిరిన ప్లాస్టిక్ సీసాలు. ఒక బావికి కింది వంకతో సొరంగం ఉందని ఊళ్లో చెప్పుకుంటారు. ఉంటే మురారిరావు ఎందుకు లొంగుతాడో నాకర్థం కాదు.

కొండకొమ్మున సున్నపుగచ్చు మంటపం మురారిరావు గద్దె. ఆయన అక్కడ చదరంగం ఆడేవాడట. కిందికి చూస్తే ఊరు, రైల్వే జంక్షన్. జొన్నరొట్టె, ఊరిబిండి అక్కడే విప్పుతాం.

దిగాక కొండ మొదట్లోని తెల్లదొరల శ్మశానం చూడండి. దత్తమండలాల కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోతే మొదట పూడ్చింది ఇక్కడే. 1831లో మద్రాసుకు తరలించారు.