పడవ యంత్రము తడబడుట – కారణములు, పరీక్షలు

మన గంజాం జిల్లావారికి నీటితో చుట్టరికము పాతది. గోపాలపురము, ఆర్యపల్లి తీరములందు తెలుగు మాటలాడు మత్స్యకారులు తరతరములుగా సముద్రముమీదనే బ్రతుకుచున్నారు. జిల్లాలోని రంభయొద్ద చిలికా సరస్సు కలదు. సెలవు దినములలో బరంపురమునుండి ఎన్నో కుటుంబములు అచ్చటికి పోయి, మోటారు పడవలమీద దీవులను చూచివచ్చుచుండును. తెడ్డును, తెరచాపను నమ్ముకొన్న కాలము క్రమముగా గడచి, నేడు చాల పడవలకు యంత్రమే ఆధారమైనది.

యంత్రము చక్కగా నడచినంతకాలము దానినిగూర్చి ఎవరును తలపరు. నడిసరస్సులో అది దగ్గినట్లు ధ్వనిచేసి, పడవ కుదుపులతో పోవునప్పుడు అందరి దృష్టియు దానిమీదనే నిలుచును. మన మెకానిక్కులు దీనిని ‘మిస్సింగు’ అందురు. ‘ఇంజను మిస్సింగు కొట్టుచున్నది’ అను మాటను మోటారు సైకిలు గల ప్రతి ఇంటివారును విని యుందురు. ఈ లోపము ఎందువలన కలుగును? దాని కారణమును ఏ క్రమమున వెదకవలెను? తెలిసికొందము.

యంత్రమునకు కావలసిన మూడు

పెట్రోలు యంత్రము అంతర్దహన యంత్రము. అనగా ఇంధనము దాని సిలిండరు లోపలనే మండును. జర్మనీ దేశీయుడైన నికొలాస్ ఆటో 1876లో నాలుగు దశలలో పనిచేయు ఇట్టి యంత్రమును విజయవంతముగా నడిపెను. పడవ వెనుక తగిలించుకొనుటకు వీలైన మోటారును ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలో అమ్మకమునకు తెచ్చెను. నేటి యంత్రములు ఎంతగా మారినను మూలసూత్రము మారలేదు.

సిలిండరులో ప్రతి దహనమునకును మూడు కావలయును. మొదటిది, తగుపాళ్లలో కలిసిన ఇంధనము, గాలి. ఒక పాలు పెట్రోలునకు తూకములో సుమారు 15 పాళ్ల గాలి ఉండవలెను. రెండవది, ఆ మిశ్రమమును పిస్టను గట్టిగా అదుముట. మూడవది, సరియైన క్షణమున స్పార్కు ప్లగ్గునందు నిప్పురవ్వ పుట్టుట. నాలుగు దశల యంత్రము నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 మారులు ఇది జరుగవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను ఆ మారు దహనము జరుగదు. అదే మిస్సింగు. కావున మనము వెదకవలసిన చోట్లు మూడే: ఇంధనము, నిప్పురవ్వ, ఒత్తిడి.

మొదట గమనింపుడు

రోగిని చూడవచ్చిన వైద్యుడు మందిచ్చుటకు ముందు ప్రశ్నలడుగును. యంత్రము విషయమునను అట్లే చేయవలెను. తడబాటు క్రమముగా, తాళము వేసినట్లు వచ్చుచున్నదా? అట్లయినచో ఏదో ఒక సిలిండరు మాత్రమే పనిచేయుట లేదని ఊహింపవచ్చును. లోపము చాలవరకు ఆ సిలిండరు ప్లగ్గులోనో, దాని తీగలోనో ఉండును. క్రమము లేక అప్పుడప్పుడు వచ్చుచున్నదా? అప్పుడు అన్ని సిలిండరులకును ఉమ్మడియైన ఇంధన మార్గమును అనుమానింపవలెను. అలలలో పడవ ఊగినప్పుడు మాత్రమే వచ్చుచున్నదా? ట్యాంకు అడుగున పేరుకొన్న నీరో, మడ్డియో కదలి గొట్టములోనికి పోవుచుండవచ్చును. యంత్రము వేడెక్కిన తరువాతనే వచ్చినచో వేడికి లోపించు విద్యుత్ భాగములను తలచుకొనవలెను.

ఇంధన మార్గము

సులభమైన పరీక్ష ముందు, కష్టమైనది తరువాత చేయవలెను. మొదట ట్యాంకులో ఇంధనము ఉన్నదో లేదో చూడవలెను. తరువాత ట్యాంకు మూతకుగల గాలిమరను చూడవలెను. అది మూసియున్నచో ఇంధనము తగ్గినకొలది లోపలికి గాలి రాదు. ట్యాంకులో శూన్యత ఏర్పడి ఇంధనము యంత్రమునకు అందదు. పిమ్మట గొట్టమునకు మధ్యనుండు రబ్బరు బుడ్డిని నొక్కి చూడవలెను. యంత్రము నడచుచుండగా అది లోనికి చప్పబడినచో బుడ్డికిని ట్యాంకునకును మధ్య అడ్డమున్నదని అర్థము.

వడపోత గిన్నెలోనిదానిని గాజు సీసాలోనికి తీసి కొంతసేపు కదల్పక ఉంచవలెను. నీరు పెట్రోలుకంటె బరువైనది. కావున అడుగున వేరుగా నిలిచి కంటికి కనబడును. నేడు అమ్ము పెట్రోలులో ఇథనాలు కలిసియుండును. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ హెచ్చినప్పుడు నీటితో గూడి అడుగునకు దిగును. కాబట్టి తేమగల తీరప్రాంతములలో నెలలతరబడి నిలువయున్న పెట్రోలును పడవలో వాడరాదు.

నిప్పురవ్వ

యంత్రమును ఆపి, చల్లారిన తరువాత ప్లగ్గులను విప్పి, ఏది ఏ సిలిండరుదో గుర్తుతో వరుసగా పెట్టవలెను. ప్లగ్గు కొన యంత్రపు నాలుక వంటిది. దానిని చూచి లోపలి స్థితిని చెప్పవచ్చును. లేత గోధుమరంగు ఆరోగ్యమునకు గుర్తు. పొడిమసి పట్టియున్నచో ఇంధనము హెచ్చుగా వచ్చుచున్నది. పెట్రోలుతో తడిసియున్నచో అచ్చట రవ్వ పుట్టుట లేదు, లేదా ఇంధనము మితిమీరి చేరినది. తెల్లగా కాలియున్నచో గాలి హెచ్చై ఇంధనము చాలకున్నది, లేదా యంత్రము అతిగా వేడెక్కుచున్నది. మూడు ప్లగ్గులు బాగుండి ఒకటి తడిసియున్నప్పుడు, ఆ ప్లగ్గును ఇంకొక సిలిండరుకు మార్చి చూడవలెను. లోపము ప్లగ్గుతో కూడ పోయినచో ప్లగ్గుది. ఆ సిలిండరులోనే నిలిచినచో తీగదో, కాయిలుదో, లేక సిలిండరుదో అగును.

చిలికా నీరు ఉప్పు కలిసినది. సముద్రపుగాలియు ఉప్పనిదే. ఆ ఉప్పు తీగల కొనలను చిలుము పట్టించును. చిలుము పట్టిన కీలును శుభ్రపరచి బిగించుటతోనే తీరిపోవు తడబాటులు ఎన్నో కలవు. ఒక హెచ్చరిక: నడచుచున్న యంత్రపు ప్లగ్గు తీగను చేతితో లాగరాదు. అందలి విద్యుత్ వేల వోల్టులు. మనిషికి దెబ్బ తగులును, నేటి ఎలెక్ట్రానిక్ భాగములును చెడును.

ఒత్తిడి, చల్లదనము

ఇంధనమును, రవ్వయు బాగుండియు తడబాటు తీరనప్పుడు ఒత్తిడిని కొలుచు గేజితో ప్రతి సిలిండరును పరీక్షింపవలెను. ఒకదాని కొలత తక్కినవాటికంటె బాగుగా తక్కువయైనచో పిస్టను రింగులో, వాల్వులో, గాస్కెట్టో అరిగినట్లు. ఇది నేర్పరియైన మెకానిక్కు చేయవలసిన పని.

చిలికావంటి లోతు తక్కువగల సరస్సులో ఇంకొక చిక్కు కలదు. నాచు, బురద యంత్రము నీరు పీల్చు రంధ్రములకు అడ్డుపడును. చల్లార్చు నీరు అందక యంత్రము వేడెక్కును; క్రొత్త యంత్రములు తమ్ము తాము కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. ఇది చూచుటకు మిస్సింగువలె తోచును. యంత్రము ప్రక్కనుండి సన్నని నీటిధార రాకున్నచో వెంటనే ఆపవలెను. పంకాకు చుట్టుకొన్న గడ్డిని, వలదారమును యంత్రము ఆగిన తరువాతనే తీయవలెను.

డీజిలు యంత్రము

డీజిలు యంత్రమునకు ప్లగ్గు రవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా అదుముటచే పుట్టిన 500 డిగ్రీలకు పైబడిన వేడియే ఇంధనమును మండించును. కావున అచ్చట తడబాటునకు ముఖ్యకారణములు మురికి వడపోత, ఇంధనములో నీరు, గొట్టములో చిక్కిన గాలి, చెడిన ఇంజెక్టరు. పొగయే ఇందు సాక్షి. నల్లపొగ ఇంధనము హెచ్చి గాలి చాలమిని, నీలిపొగ కందెన నూనె మండుటను, తెల్లపొగ మండని ఇంధనమును గాని లోనికి చేరిన నీటిని గాని తెలుపును.

ఒక ఉదాహరణము

రంభ రేవునుండి బయలుదేరిన పెట్రోలు పడవ అరగంట చక్కగా నడచి, పిమ్మట తడబడి ఆగినదనుకొందము. పది నిమిషములు ఆగి తిప్పగా మరల నడచినది; కొంతసేపటికి మరల ఆగినది. ఇందుకు రెండు కారణములు ఊహింపవచ్చును. గాలిమర మూసియుండుట ఒకటి. వేడికి కాయిలు లోపించుట రెండవది. రెండును విశ్రాంతి తరువాత తాత్కాలికముగా సర్దుకొనునవే. వీనిని వేరుచేయుట ఎట్లు? తడబాటు మొదలైనప్పుడు గాలిమరను వదులు చేయవలెను. బుస్సుమని గాలి లోనికి పోయి యంత్రము వెంటనే కోలుకొన్నచో మొదటి ఊహ నిజము. మార్పు లేకున్నచో రెండవదానిని పరీక్షింపవలెను. ప్లగ్గు, వడపోత, మర అన్నియు ఒకేమారు మార్చినవాడు పడవను నడిపించుకొనవచ్చునుగాని, లోపమేదో ఎన్నటికిని తెలిసికొనలేడు. ఒకమారు ఒక్కటి మాత్రమే మార్చవలెను, ఇదియే శాస్త్రపద్ధతి.

ప్రాణరక్షణ ముందు

సరస్సుమీద గాలి త్వరగా మారును. యంత్రము ఆగిన పడవ గాలికి అడ్డముగా తిరిగి అలలకు లోబడును. అందుచే మొదట లంగరు వేయవలెను. అందరును లైఫ్ జాకెట్లు ధరించియుండవలెను. పిల్లలు ఒకే ప్రక్కకు పోరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది కాన పడవ అడుగున నిలుచును. మూతలు తెరచి ఆవిరి పోయినదాక చుట్ట, అగ్గిపుల్ల వెలిగింపరాదు, యంత్రమును తిప్పరాదు. తల్లిదండ్రులు పడవ ఎక్కుటకు ముందే జాకెట్లు, లంగరు, తెడ్డు ఉన్నవో లేవో అడుగుట నామోషీ కాదు.

తడబడు యంత్రము మనకే నష్టము చేసి ఊరకుండదు. మండని ఇంధనము, నూనె నీటిలో కలియును. చిలికా సరస్సు 1981లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలగా గుర్తింపబడెను. అచ్చట ఐరావతీ డాల్ఫినులు నివసించుచున్నవి. శీతకాలమున దూరదేశపు పక్షులు వచ్చి వ్రాలును. వేలాది జాలరి కుటుంబములకు ఆ నీరే అన్నము. తీసిన పాతనూనెను, నీటి పెట్రోలును సరస్సులో పోయక డబ్బాలో ఒడ్డునకు తేవలెను.

మన ప్రాంతపు మెకానిక్కు మాటలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కలిసియుండును. పేరు ఏ భాషలో పలికినను యంత్రమునకు కావలసినవి ఆ మూడే. వానిని మాతృభాషలో చక్కగా గ్రహించిన విద్యార్థి ఏ భాషలోని యంత్రపుస్తకమునైనను జంకు లేక తెరువగలడు. ఈసారి మీ వీధిలో మోటారు సైకిలు మిస్సింగు కొట్టినప్పుడు మెకానిక్కు ప్రక్కన నిలిచి, అతడు మొదట దేనిని విప్పునో, ఏల విప్పునో అడిగి తెలిసికొనుడు.